రెండు శ్వాసల మధ్య ఖాళీ: యోగాలోనూ, రోజువారీ జీవితంలోనూ ఆగడం నేర్చుకుందాం



ఈ వారం వీడియోలో ప్రాణాయామం గురించి మాట్లాడుకున్నాం కదా. పూరకం, రేచకం వరకూ బాగానే వచ్చింది కానీ, ఆ రెండింటి మధ్య ఉండే విరామం గురించి చెప్పడానికి టైం సరిపోలేదు. నిజానికి నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది అదే. అందుకే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. పాఠంలోకి వెళ్లే ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. అది చెప్పకపోతే ఈ పాఠం నాకెందుకు అవసరమైందో మీకు అర్థం కాదు.

"ఏంటి నాన్నా ఈ యక్షప్రశ్నలు!"

రెండేళ్ల కిందటి మాట. ఆ రాత్రి మా టీమ్‌కి పెద్ద రిలీజ్ ఉంది. తొమ్మిదిన్నరకి ఊరి నుంచి నాన్న ఫోన్ చేశారు. కరెంటు బిల్లు ఫోన్‌లో కట్టబోతే అకౌంట్‌లో డబ్బులు కట్ అయ్యాయి కానీ బిల్లు కట్టినట్టు చూపించట్లేదట. "ఇప్పుడు మళ్లీ కట్టాలా? ఆ డబ్బులు ఎటు పోయినట్టు? పొద్దున్నే బ్యాంకుకి వెళ్లి అడగనా?" అని ఒకదాని మీద ఒకటి అడుగుతున్నారు. నా ముందు స్క్రీన్ మీద ఎర్రగా ఎర్రర్లు కనిపిస్తున్నాయి. "ఏంటి నాన్నా ఈ యక్షప్రశ్నలు! ఎన్నిసార్లు చెప్పాలి నీకు? పనిలో ఉన్నాను" అనేసి పెట్టేశాను.

కాల్ మొత్తం నలభై సెకన్లు. రిలీజ్ రెండింటికల్లా అయిపోయింది. పొద్దున లేచేసరికి నేను ఆ సంగతే మర్చిపోయాను.

నాన్న మర్చిపోలేదు. ఆ తర్వాత ఆయన దగ్గర్నుంచి నాకు ఫోన్ రావడం ఆగిపోయింది. ఏదైనా కావాలంటే అమ్మ చేసి, "మీ నాన్న అడగమన్నారురా" అనేది. అది గమనించడానికి నాకు నెల పైనే పట్టింది. బిల్లు సంగతి అడిగితే అమ్మ మామూలుగానే చెప్పింది: "ఫోన్‌లో కట్టడం మానేశారు. కరెంటాఫీసుకి వెళ్లి లైన్లో నిలబడి కడుతున్నారు." అప్పుడు మే నెల.

ఇందులో నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టిన విషయం ఒకటుంది. అప్పటికి ఎనిమిది నెలలుగా నేను రోజూ యోగా చేస్తున్నాను. పొద్దున్నే పన్నెండు సూర్య నమస్కారాలు, ఆసనాలు, ఒక్కరోజు మానకుండా యాప్‌లో టిక్. మరి ఆ యోగా అంతా ఆ నలభై సెకన్లలో ఎటు పోయింది?

మా కాలనీలో యోగా నేర్పే ఒక పెద్దావిడ ఉన్నారు. ఆవిడతో ఈ మాట అంటే ఆవిడ నవ్వి, "నువ్వు ఆసనాలు వేస్తున్నావు నాయనా, ఆసనంలో ఉండట్లేదు. ఒకటి అవ్వగానే ఇంకోటి. శవాసనం చెప్పేలోపే చాప చుట్టేస్తావు" అన్నారు. నిజమే. నేను ఆసనాలను ఆఫీసులో టిక్కెట్లు క్లోజ్ చేసినట్టు చేస్తున్నాను.

పతంజలి మహర్షి ప్రాణాయామాన్ని ఎలా నిర్వచించారు?

ఆవిడ మాట విన్నాక యోగసూత్రాలు మళ్లీ తెరిచాను. రెండో అధ్యాయమైన సాధన పాదంలో 46వ సూత్రం నుంచి వరుసగా చూడండి, క్రమం చాలా స్పష్టంగా ఉంటుంది.

ముందు ఆసనం ఎలా ఉండాలో చెబుతారు: స్థిరంగా, సుఖంగా ఉండాలి. అది ఎలా కుదురుతుందో 47లో చెబుతారు: ప్రయత్నాన్ని సడలించడం వల్ల, మనసును అనంతం మీద నిలపడం వల్ల. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. ఇంకా గట్టిగా ప్రయత్నించమని కాదు, పట్టు కొంచెం వదలమని చెబుతున్నారు.

ఆ ఆసనం కుదిరాక, 49వ సూత్రంలో ప్రాణాయామం వస్తుంది. ప్రాణాయామం అంటే గాలి బాగా పీల్చి వదలడం అని మనం అనుకుంటాం. పతంజలి వాడిన మాట "గతి విచ్ఛేదం". అంటే శ్వాస లోపలికీ బయటికీ నడిచే ఆ నడక ఆగడం. ఆ నడకలో వచ్చే విరామాన్నే ఆయన ప్రాణాయామం అన్నారు. తర్వాతి సూత్రంలో ఆ ఆగడం ఎక్కడెక్కడ ఉంటుందో చెప్పారు: గాలి బయటికి వెళ్లాక, లోపలికి వచ్చాక, ఉన్నచోటే నిలిచిపోయినప్పుడు. అది క్రమంగా దీర్ఘంగా, సూక్ష్మంగా మారుతుందని కూడా అన్నారు.

దీన్నే హఠయోగంలో కుంభకం అంటారు. కుంభం అంటే కుండ. నిండా నీళ్లున్న కుండ కదలకుండా పెట్టి ఉంటే ఎలా ఉంటుందో అలా అన్నమాట.

ఓంకారంలో కూడా ఇదే ఉంది. మాండూక్యోపనిషత్తులో ఉన్నవి 12 మంత్రాలే. అందులో అకారం మెలకువకు, ఉకారం కలకు, మకారం గాఢనిద్రకు గుర్తులు. ఆ మూడింటి తర్వాత మాత్ర అంటూ లేని నాలుగోదాన్ని చెబుతుంది, అదే తురీయం. మనం ఓం అంటూ శబ్దం మీదే దృష్టి పెట్టి, అది అవ్వగానే ఇంకో ఓం మొదలుపెట్టేస్తాం. 'మ్' ఆగిపోయాక మిగిలే నిశ్శబ్దంలో కాసేపు ఉండి చూడండి. అక్కడి దాకా తీసుకెళ్లడానికే ఆ శబ్దం అనిపిస్తుంది.

21,600: ఒక చిన్న లెక్క

మనిషి రోజుకి 21,600 సార్లు శ్వాస తీసుకుంటాడని మన యోగ గ్రంథాల్లో ఒక లెక్క ఉంది. ప్రతి శ్వాసతోనూ "హంస" మంత్రం దానంతట అదే జపం అవుతుంటుంది కాబట్టి దీన్ని అజప గాయత్రి అన్నారు. ఇంజినీర్ బుర్ర కదా, లెక్క చూడకుండా ఉండలేకపోయాను.

రోజుకి 1,440 నిమిషాలు. 21,600ని 1,440తో భాగిస్తే నిమిషానికి సరిగ్గా 15. పెద్దవాళ్లు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు శ్వాసిస్తారని ఇవాళ్టి వైద్య పుస్తకాలు చెబుతాయి. మనవాళ్ల లెక్క ఆ రెండింటి మధ్యలోనే ఉంది. ఒక్కో శ్వాసకి నాలుగు సెకన్లు.

ప్రతి శ్వాసలోనూ రెండు మలుపులు ఉంటాయి. లోపలికి రావడం అయ్యాక ఒకటి, బయటికి వెళ్లడం అయ్యాక ఒకటి. అంటే రోజుకి 43,200 విరామాలు. వీటిని మనం కొత్తగా తయారు చేసుకోనక్కర్లేదు, ఇప్పటికే ఉన్నాయి. "నాకు ధ్యానానికి టైం లేదు" అనేవాళ్లకి (నేనూ అన్నవాణ్నే) ఇంతకంటే మంచి జవాబు నాకు దొరకలేదు.

ఇంకో చిన్న విషయం. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నెమ్మదిగా శ్వాసించి చూడండి. గాలి పీల్చేటప్పుడు గుండె కొంచెం వేగంగా, వదిలేటప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది. అందుకే వదలడం కాస్త పొడవుగా ఉంటే శరీరం తేలిగ్గా నెమ్మదిస్తుంది. గాలిని బయటికి వదిలి నిలపడం వల్ల కూడా మనసు తేరుకుంటుందని పతంజలి సమాధి పాదంలోనే, 34వ సూత్రంలో చెప్పారు.

ఆసనాల మధ్యలో ఎక్కడ ఆగాలి?

నేను మార్చుకున్నవి మూడే మూడు.

ఒకటి, సూర్య నమస్కారాల సంఖ్య తగ్గించాను. పన్నెండు చేసే టైంలో ఇప్పుడు ఆరే చేస్తున్నాను. ఒక ఆవృత్తి అయ్యాక వెంటనే చేతులు పైకెత్తను. సమస్థితిలో నిలబడి, గుండె చప్పుడు తగ్గేదాకా మూడు శ్వాసలు చూసి, అప్పుడు తర్వాతిది.

రెండు, ఏ ఆసనంలోకైనా వెళ్లాక "ఇంకొంచెం వంగాలి" అనే ఆలోచన వచ్చినప్పుడు అక్కడే ఆగి, ఎక్కడ అనవసరంగా బిగబట్టానో చూస్తాను. సాధారణంగా పళ్లు బిగించి ఉంటాను. పశ్చిమోత్తానాసనానికి దవడతో ఏం పని? ప్రయత్నాన్ని సడలించడం అంటే ఏంటో నాకు అక్కడే అర్థమైంది.

మూడు, శవాసనం మానను. ఐదు నిమిషాలు తప్పనిసరి. ఆ పడుకోవడం అలసట తీర్చి, చిత్తానికి విశ్రాంతి ఇస్తుందని హఠయోగ ప్రదీపిక మొదటి అధ్యాయంలోనే చెబుతుంది. చేసిన సాధనంతా ఒంటికి పట్టేది అప్పుడే. పోపు పెట్టిన వెంటనే మూత తీసేస్తే వాసన పోయినట్టు, శవాసనం లేకపోతే సాధన ఆవిరైపోతుంది.

ఒక జాగ్రత్త. శ్వాసను బలవంతంగా బిగబట్టడం విరామం కాదు. సింహాన్నీ, ఏనుగునీ, పులినీ మచ్చిక చేసుకున్నంత నెమ్మదిగా ప్రాణాన్ని వశం చేసుకోవాలనీ, లేకపోతే సాధకుడికే ప్రమాదమనీ హఠయోగ ప్రదీపిక హెచ్చరిస్తుంది. బీపీ, గుండె సమస్యలు ఉన్నవాళ్లు, గర్భిణులు కుంభకం జోలికి సొంతంగా వెళ్లొద్దు. మిగతావాళ్లు కూడా గురువు దగ్గరే నేర్చుకోండి. నేను చెబుతున్నది శ్వాసలో సహజంగా వచ్చే మలుపును గమనించడం గురించి మాత్రమే.

మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న విరామాలు

"మైండ్‌ఫుల్‌నెస్" అనే మాట మనం యాప్‌ల్లో నేర్చుకున్నాం. కానీ మన అమ్మమ్మల ఇళ్లలో రోజు మొత్తం ఈ ఆగడాలతోనే కుట్టి ఉండేది.

సాయంత్రం చీకటి పడేవేళ నిద్రపోతే "అసుర సంధ్య వేళ పడుకుంటావేంటి, లే" అని తిట్టించుకోని తెలుగు పిల్లలు ఉంటారా? సంధ్య అంటేనే రెండు కాలాలు కలిసే చోటు. పగలు పూర్తిగా పోలేదు, రాత్రి పూర్తిగా రాలేదు. శ్వాసలో మలుపు ఎలాంటిదో, రోజులో సంధ్య అలాంటిది. సంధ్యావందనం చేసేవాళ్లు ఆ వేళ ఆచమనం, ప్రాణాయామం, అర్ఘ్యం, గాయత్రీ జపం చేస్తారు. మిగతా ఇళ్లలో దీపం పెడతారు. ఏదైనా, చేస్తున్న పని అక్కడ ఒకసారి ఆగుతుంది. మన ఆఫీసు జీవితంలో ఆ వేళ ఏసీ గదిలో, అద్దాలకి బ్లైండ్స్ వేసి ఉన్నప్పుడు గడిచిపోతోంది. సూర్యుడు ఎప్పుడు కుంకాడో కూడా తెలీదు.

భోజనానికి ముందు విస్తరి చుట్టూ నీళ్లు తిప్పి పరిషేచనం చేసే తాతయ్యలని చూసే ఉంటారు. ఆకలికీ మొదటి ముద్దకీ మధ్య అది ఒక ఆగడం. పొద్దున లేవగానే అరచేతులు చూసుకోవడం, నేల మీద కాలు పెట్టేముందు భూదేవిని క్షమించమనడం, ఇవన్నీ అలాంటివే. ఇప్పుడు అరచేతిలో ముందు కనిపించేది ఫోన్.

గుడిలోనూ అంతే. దర్శనం అయ్యాక కాసేపు మండపంలో కూర్చుని రావాలంటారు పెద్దవాళ్లు. నైవేద్యం పెట్టేటప్పుడు గర్భగుడికి తెర వేస్తారు చూడండి, నాకు ఆ రెండు మూడు నిమిషాలంటే ఇప్పుడు చాలా ఇష్టం. స్వామి కనబడరు, చేయాల్సిన పనేమీ ఉండదు, ఎదురుచూడటం ఒక్కటే. ఒకప్పుడు తెర పడగానే నా చెయ్యి జేబులోని ఫోన్ మీదకి వెళ్లేది. ఇప్పుడు కళ్లు మూసుకుని గంట మోగేదాకా శ్వాస చూస్తాను. తెర తీసినప్పుడు చూసే దర్శనం వేరేగా ఉంటుంది.

చెరువు గట్టున ఆగినవాడు

ఇక మళ్లీ యక్షప్రశ్నల దగ్గరికి వద్దాం. నాన్నని ఆ మాట అన్నాను కదా, అసలు ఆ కథ ఏంటో మళ్లీ చదవాలనిపించింది.

మహాభారతం అరణ్యపర్వం. ఒక బ్రాహ్మణుడి అరణిని కొమ్ములకి తగిలించుకుని పారిపోయిన లేడిని వెతుకుతూ పాండవులు అడవిలో అలిసిపోయి ఒక చెట్టుకింద కూలబడ్డారు. విపరీతమైన దాహం. నీళ్లకోసం ముందు నకులుడు వెళ్లాడు. చెరువు కనబడింది. "ఇది నాది. ముందు నా ప్రశ్నలకు జవాబు చెప్పి తర్వాత తాగు" అని ఒక గొంతు వినిపించింది. నకులుడు వినిపించుకోకుండా తాగాడు, పడిపోయాడు. తర్వాత సహదేవుడు, అర్జునుడు, భీముడు, అందరిదీ అదే కథ. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, చేతకానివాళ్లు అసలే కాదు. దాహం అలాంటిది. ఆ దాహానికీ, నీళ్లకీ మధ్య ఒక్క క్షణం ఆగలేకపోయారు.

ధర్మరాజుకీ అదే దాహం. పైగా నలుగురు తమ్ముళ్లూ కళ్లముందు పడి ఉన్నారు. అయినా ఆయన ఆగాడు. నిలబడి అడిగిన ప్రతి ప్రశ్నకీ ఓపిగ్గా జవాబు చెప్పాడు. తమ్ముళ్లు బతికింది ఆ ఆగడం వల్లే.

ఆ ప్రశ్నల్లో ఒకచోట చదువుతూ నేను పుస్తకం పక్కన పెట్టేశాను. గాలికంటే వేగమైనది ఏదని యక్షుడు అడిగితే మనసు అంటాడు ధర్మరాజు. ఆ జవాబు పక్కనే, భూమికంటే బరువైనది తల్లి అనీ, ఆకాశంకంటే ఎత్తైనవాడు తండ్రి అనీ చెబుతాడు. గాలికంటే వేగంగా పోయే నా మనసు ఆ రాత్రి ఎవరిని దాటుకుని పోయిందో నాకు అప్పుడు తెలిసింది.

మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. సెర్చ్ బాక్స్‌లో మీరు టైప్ చేస్తుంటే అక్షరం అక్షరానికీ సర్వర్‌ని అడిగితే దానికి భారం. అందుకే మీ టైపింగ్ ఆగాక ఓ 300 మిల్లీసెకన్లు చూసి అప్పుడు అడిగేలా కోడ్ రాస్తాం. దాన్ని డీబౌన్స్ అంటాం. సర్వర్‌కి చూపించే ఆ మర్యాద నేను ఇంట్లోవాళ్లకి చూపించలేదు.

ఏది విరామం కాదు?

రెండు విషయాల్లో మనం పొరబడతాం.

పని మధ్యలో రీల్స్ చూడటం విరామం కాదు. అది ఒక పరుగు ఆపి ఇంకో పరుగు ఎక్కడం. అయ్యాక మనసు తేలికైందా, ఇంకా అలిసిందా అని మిమ్మల్ని మీరే అడగండి, తెలుస్తుంది.

మాట్లాడాల్సిన చోట మౌనంగా ఉండిపోవడమూ విరామం కాదు. "నేను ప్రశాంతంగా ఉంటున్నాను" అంటూ ఫోన్ ఎత్తకపోవడం, మెసేజ్‌కి జవాబు ఇవ్వకపోవడం తప్పించుకోవడమే. ధర్మరాజు ఆగింది జవాబు చెప్పడానికి. విరామం తర్వాత మనం ఆ మనిషి వైపు తిరగాలి, దూరంగా కాదు.

ఈ వారం సాధన

ఏడు రోజులు ఇది చేసి చూడండి. ఎక్కువేం లేదు.

1. పొద్దున చాప మీద కూర్చుని రెండు నిమిషాలు. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఒక శ్వాసకి పది సెకన్లు, మొత్తం పన్నెండు శ్వాసలు. బిగబట్టొద్దు. వదలడం అయ్యాక వచ్చే చిన్న ఖాళీని ఊరికే చూడండి.

2. మూడుసార్లు ఓంకారం. ప్రతిదాని తర్వాత ఒక పూర్తి శ్వాస నిశ్శబ్దం.

3. ఫోన్ మోగితే వెంటనే ఎత్తొద్దు. పేరు చూసి, ఒక శ్వాస వదిలి, అప్పుడు ఎత్తండి. కోపంతో టైప్ చేసిన మెసేజ్ అయితే పంపేముందు మూడు శ్వాసలు.

4. సాయంత్రం సంధ్య వేళకి అలారం పెట్టుకోండి. ఆఫీసులో ఉంటే కిటికీ దాకా నడిచి ఆకాశం చూడండి. ఇంట్లో ఉంటే దీపం పెట్టి, ఆ వెలుగు ముందు ఒక నిమిషం కూర్చోండి.

5. మర్చిపోతే మిమ్మల్ని తిట్టుకోవద్దు. మనసు ఎక్కడికి పరిగెడితే అక్కడి నుంచి మళ్లీ తీసుకురమ్మని గీత ఆరో అధ్యాయంలో కృష్ణ పరమాత్మ చెప్పారు. పరిగెడుతుందని ఆయనకి తెలుసు కాబట్టే "మళ్లీ" అనే ఆ దారి చూపించారు.

చివరిగా

నాన్న సంగతి అడుగుతారని తెలుసు. నేను ఫోన్ చేసి క్షమించమన్నాను. "దానికేముందిరా, నువ్వు పనిలో ఉన్నావు" అని రెండు ముక్కల్లో తేల్చేశారు. ఆ తర్వాత కూడా చాలా రోజులు ఆయన ఫోన్ చేయలేదు. ఒక్క శ్వాసతో అన్నీ సర్దుకుంటాయని నేను చెప్పను. పండక్కి ఊరెళ్లినప్పుడు పక్కన కూర్చుని, ఆయన ఫోన్‌లో ఆయన చేత్తోనే బిల్లు కట్టించాను. రెండుసార్లు తప్పు నొక్కారు. ప్రతిసారీ నేను ఒక శ్వాస వదిలాను.

దసరా తర్వాత ఒక రాత్రి ఫోన్ మోగింది. నాన్న. స్క్రీన్ మీద పని ఉంది. ఒక శ్వాస వదిలి, ల్యాప్‌టాప్ మూసి ఎత్తాను. గ్యాస్ బుకింగ్ గురించి నాలుగు ప్రశ్నలు అడిగారు, చెప్పాను. అంతా అయ్యాక, "సరేగానీ, తిన్నావా?" అన్నారు.

ఆయన ఫోన్ ఎప్పుడూ ఆ ప్రశ్నతోనే ముగుస్తుంది. ఆ రాత్రి నలభై సెకన్లకే పెట్టేసినప్పుడు నేను ఆయన్ని ఆ ప్రశ్న దాకా రానివ్వలేదు.

ఇవాళ మీ ఇంటి నుంచి కూడా ఫోన్ వస్తుంది. ఎత్తే ముందు ఒక్క శ్వాస.

వచ్చే వారం వీడియోలో ప్రత్యాహారం గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా సెలవు.

ఓం శాంతిః.